పెరుగుతాడని పెద్ద కుర్చీ తీసుకోకండి: పిల్లలకు సరిపడే చక్రాల కుర్చీ ఎంచుకునే పద్ధతి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం చుట్టుపక్కల తెలుగు కుటుంబాల్లో నడవలేని బిడ్డకు చక్రాల కుర్చీ వచ్చే దారులు రెండు మూడే. ప్రభుత్వ శిబిరంలో ఇస్తారు, ఎవరైనా దాత కొనిస్తారు, లేదా విశాఖపట్నం ఆసుపత్రికి వెళ్లినప్పుడు బయటి దుకాణంలో కొనుక్కుంటారు. ఏ దారిలో వచ్చినా తరచుగా జరిగేది ఒకటే. కుర్చీ ముందు వస్తుంది, బిడ్డను తర్వాత అందులో కూర్చోబెడతారు. ఈ వరుస తిరగబడాలి. బిడ్డ కొలతలు ముందు, కుర్చీ తర్వాత.

పెద్దవాళ్ల మామూలు కుర్చీలో సీటు వెడల్పు 45 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. ఏడేళ్ల పిల్లల తుంటి వెడల్పు సాధారణంగా 30 లోపే. మిగిలిన ఖాళీలో బిడ్డ ఒక పక్కకు ఒరుగుతుంది. కటి ఎముక ఒరిగితే దాని మీద నిలబడాల్సిన వెన్నెముక కూడా పక్కకు వంగుతుంది. తల నిలపడానికి మెడ ఇంకో వైపు తిరుగుతుంది. సీటు లోతు ఎక్కువైతే పిక్కలు సీటు అంచుకు తగిలి మోకాళ్లు కిందికి వంగవు, అందుకని బిడ్డ ముందుకు జారి, నడుము గుండ్రంగా చేసుకుని, తోక ఎముక మీద కూర్చుంటుంది. చక్రాలు దూరంగా ఉంటాయి కాబట్టి చేతులు అందవు, తోసుకోవడం నేర్చుకోదు. ఇదంతా పెరిగే వయసులో, రోజుకు కొన్ని గంటల చొప్పున జరుగుతుంది. స్కూలు యూనిఫారం రెండేళ్లు రావాలని వదులుగా కుట్టించినట్టు కుర్చీ తీసుకోకూడదు. వదులు చొక్కా ఒంటిని వంచదు, వదులు కుర్చీ వంచుతుంది.

మొదటి అడుగు: బిడ్డ ఎలా కూర్చుంటుందో చూడండి

టేపు పట్టుకునే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. గట్టి బల్ల మీద, పాదాలు నేలకు లేదా పీటకు పూర్తిగా ఆనేలా బిడ్డను కూర్చోబెట్టండి. మీరు పక్కనే ఉండి, పడిపోకుండా చేతులు సిద్ధంగా ఉంచుకోండి, కానీ పట్టుకోకండి. రెండు చేతులూ వదిలేసి, బొమ్మ అందుకుంటూ కూర్చోగలిగితే పిల్లల సైజు మామూలు కుర్చీ, మంచి మెత్తతో చాలావరకు సరిపోతుంది. చేతులు బల్లకు ఆన్చితేనే నిలవగలిగితే నడుముకూ పక్కలకూ ఆసరా కావాలి. చేతులు ఆన్చినా నిలవకపోతే తల, ఛాతీ, తుంటి అన్నిటికీ ఆసరా ఉండే ప్రత్యేకమైన కుర్చీ కావాలి. శిబిరంలో పేర్చి ఉంచిన మడత కుర్చీ అటువంటి బిడ్డకు సరిపోదు.

తర్వాత ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: వైద్యులు చెప్పిన జబ్బు పేరు, మూర్ఛలు వస్తాయా, మింగడంలో ఇబ్బంది ఉందా, పిరుదుల దగ్గరా కాళ్లలోనూ స్పర్శ తెలుస్తుందా, ఇంతకు ముందు పుండ్లు పడ్డాయా, తుంటికి లేదా వెన్నుకు ఆపరేషన్ జరిగిందా, జరగబోతోందా, చేతుల్లో ఎంత బలం ఉంది. కుర్చీ ఎక్కడెక్కడ తిరగాలో కూడా రాయండి. ఇంట్లోనా, బడికా, బడికి దారి సిమెంటు రోడ్డా, ఎర్రమట్టి బాటా? బస్సులోనో ఆటోలోనో ఎక్కించాలా?

జబ్బును బట్టి అవసరం మారుతుంది. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిన్నందువల్ల కదలికలు అదుపు తప్పడం, ఉన్న బిడ్డకు కండరాల బిగుతు, కూర్చునే తీరు ముఖ్యం. వెన్ను సరిగా మూసుకోకుండా పుట్టిన పిల్లలకు, అంటే స్పైనా బైఫిడా ఉన్నవాళ్లకు, నడుము కింద స్పర్శ తక్కువ కాబట్టి అన్నిటికన్నా ముందు మెత్త గురించి ఆలోచించాలి. ఈ పిల్లల్లో చాలామందికి లేటెక్స్ రబ్బరు పడదు. మెత్తలో, పట్టీల్లో, టైర్లలో లేటెక్స్ ఉందేమో అడిగి తెలుసుకోండి. డుషెన్ కండరాల క్షీణత ఉన్న అబ్బాయికి ఈ ఏడాది సరిపోయిన కుర్చీ వచ్చే ఏడాది సరిపోకపోవచ్చు, పొడవు పెరిగినందుకే కాదు, బలం తగ్గుతుంది కాబట్టి. అతనికి ఆసరాలు తర్వాత జోడించుకోగలిగే కుర్చీ చూడాలి.

ఈ కాగితంతో ఫిజియోథెరపిస్టును గానీ ఆక్యుపేషనల్ థెరపిస్టును గానీ కలవండి. జిల్లా ప్రధాన ఆసుపత్రిలో పిల్లల ఎదుగుదల లోపాలను తొలిదశలో చూసే కేంద్రం ఉందేమో అడగండి. బరంపురంలో ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. వంకర్లు ఎక్కువగా ఉన్న బిడ్డను ఒకసారి కటక్ జిల్లా ఓలట్‌పూర్‌లోని స్వామి వివేకానంద జాతీయ పునరావాస శిక్షణ, పరిశోధన సంస్థకు తీసుకెళ్లడం మంచిది. పర్లాకిమిడి, గుణుపురం వాళ్లకు విశాఖ దగ్గరనిపించడం సహజమే, అక్కడా చూపించుకోవచ్చు. ఎక్కడ చూపించినా కొలతల కాగితం అడిగి తెచ్చుకోండి. అది మీ దగ్గర ఉంటే ఇక ఏ శిబిరంలోనైనా, ఏ దుకాణంలోనైనా దాన్ని బట్టే మాట్లాడవచ్చు.

రెండో అడుగు: కొలతలు

థెరపిస్టు తీసినా ఇంట్లో మీరూ ఒకసారి తీసి చూసుకోండి. రెండు లెక్కలూ కలవకపోతే మళ్లీ తీయమని అడగడానికి వెనుకాడకండి. గట్టి బల్ల, లోహపు టేపు, అట్ట గట్టిగా ఉన్న రెండు పుస్తకాలు, సాయానికి ఇంకొకరు ఉంటే చాలు. దర్జీ టేపు ఒంటి వంపులను పట్టుకుని సాగుతుంది కాబట్టి దానితో తప్పు వస్తుంది. బిడ్డకు పల్చని బట్టలు వేయండి. బడికి వేసుకునే చెప్పులో బూట్లో, చీలమండనూ పాదాన్నీ నిలిపి ఉంచే ఏ.ఎఫ్.ఓ. పట్టీలో ఉంటే అవి తొడిగి ఉంచండి.

కొలిచే ముందు కటి సమంగా ఉందో లేదో చూడాలి. బిడ్డ ఎదురుగా కూర్చుని, నడుముకు రెండు పక్కలా ముందు వైపు పొడుచుకొచ్చినట్టుండే ఎముకల మీద మీ బొటనవేళ్లు పెట్టండి. రెండు వేళ్లూ ఒకే ఎత్తులో ఉన్నాయా? ఒకటి పైకి ఉంటే, రెండు చేతులతో నెమ్మదిగా సమం చేయడానికి ప్రయత్నించండి. సులువుగా సమమైతే అది ఇంకా సర్దుకునే వంకర, కుర్చీలో సరైన ఆసరా పెడితే అలాగే నిలబెట్టవచ్చు. ఎంత మెల్లగా చేసినా రాకపోతే, లేదా బిడ్డకు నొప్పి పుడితే, అక్కడితో ఆపేయండి. అది బిగుసుకున్న వంకర. దాన్ని పట్టీలతో బిగించి నిటారుగా చేయాలని చూస్తే పుండ్లు పడతాయి, ఎముకకు దెబ్బ తగులుతుంది. అటువంటప్పుడు బిడ్డ ఆకారానికి తగ్గట్టు కుర్చీనే మలచాలి. ఈ తేడా తేల్చడం థెరపిస్టు పని. మీకు అనుమానం వచ్చిందని వాళ్లకు తప్పకుండా చెప్పండి.

ఇప్పుడు కొలతలు.

తుంటి వెడల్పు: బిడ్డకు రెండు పక్కలా పుస్తకాలను నిలువుగా, తొడలకు ఆనేలా కానీ నొక్కకుండా పెట్టి, వాటి మధ్య దూరం కొలవండి.

తొడ పొడవు: పిరుదుల వెనక ఒక పుస్తకాన్ని నిలువుగా ఆన్చండి. దాని నుంచి మోకాలి వెనక మడత వరకు కొలవండి. కుడికి వేరుగా, ఎడమకు వేరుగా తీయాలి. తుంటి కీలు జారిన పిల్లల్లో ఈ రెండూ కలవవు. ఒక్క కాలే కొలిస్తే అక్కడే పొరపాటు మొదలవుతుంది.

పిక్క పొడవు: మోకాలి వెనక మడత నుంచి చెప్పుతో కలిపి మడమ అడుగు దాకా. ఇదీ రెండు వైపులా.

మోచేతి ఎత్తు: భుజం వేలాడదీసి, మోచేయి వంచినప్పుడు బల్ల నుంచి మోచేతి అడుగు దాకా.

వీపు: బల్ల నుంచి పక్కటెముకల కింది అంచు దాకా, అక్కడి నుంచి భుజం రెక్క ఎముక కింది కొన దాకా, భుజం పైభాగం దాకా, మూడు చోట్లా ఎత్తు రాసుకోండి. వీటిలో ఏది ఉపయోగపడుతుందో బిడ్డ బలాన్ని బట్టి తేలుతుంది. పక్క ఆసరాలు కావాలంటే చంకల కింద ఛాతీ వెడల్పు కూడా కావాలి.

ఇంకొకటి, దీన్ని ఎవరూ అడగరు కానీ చాలా ముఖ్యం. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, తుంటిని కూర్చున్నట్టు వంచి, ఆ స్థితిలో మోకాలిని మెల్లగా చాచండి. తొడ వెనక కండరం బిగుతుగా ఉన్న పిల్లల్లో మోకాలు కొంచెం చాచగానే నడుము బల్ల మీద నుంచి లేస్తుంది. అలాంటి బిడ్డ పాదాలను ముందుకు చాపి ఉంచే ఫుట్‌రెస్ట్ మీద పెడితే, ఆ కండరం కటిని కిందికి లాగుతుంది, బిడ్డ జారిపోతూనే ఉంటుంది. ఎన్ని పట్టీలు కట్టినా ఆగదు. వాళ్లకు పాదాలు మోకాలి కిందకు, ఇంకా వెనక్కి ఉండాలి. కాళ్లను పైకి లేపే ఫుట్‌రెస్టును దుకాణంలో అదనపు సౌకర్యమని చూపిస్తారు. చాలామంది సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు అది చెరుపు చేస్తుంది.

మూడో అడుగు: ఒంటి కొలతల నుంచి కుర్చీ కొలతలకు

సీటు వెడల్పు తుంటి వెడల్పుకు సమానంగా, మహా అయితే 2 సెంటీమీటర్లు ఎక్కువ. సీటు లోతు తొడ పొడవు కన్నా 3 నుంచి 5 సెంటీమీటర్లు తక్కువ, రెండు తొడల్లో పొట్టి దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. మెత్త పైభాగం నుంచి ఫుట్‌రెస్ట్ దాకా పిక్క పొడవు. ఒక పాప తుంటి 25, ఎడమ తొడ 31, కుడి తొడ 29, పిక్క 27 సెంటీమీటర్లు అనుకుందాం. ఆమెకు 25 నుంచి 27 వెడల్పు, 25 లోతు సీటు కావాలి. మెత్త మీది నుంచి 27 కింద ఫుట్‌రెస్ట్ ఉండాలి. ఫుట్‌రెస్ట్ నేలకు కనీసం 5 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి, లేకపోతే రాయి తగిలిన ప్రతిసారీ కుర్చీ ఆగి బిడ్డ ముందుకు తూలుతుంది.

మెత్త మందం మరిచిపోతే లెక్కంతా తప్పుతుంది. కుర్చీ తీసుకున్నాక 5 సెంటీమీటర్ల మెత్త వేస్తే బిడ్డ అంత పైకి లేస్తుంది. ఫుట్‌రెస్ట్ అందదు, వీపు ఆసరా కిందికి పోతుంది, చేతులకు చక్రాలు దూరమవుతాయి. కాబట్టి ఏ మెత్తో ముందే తేల్చుకోండి.

వీపు ఆసరా ఎత్తు విషయంలో పెద్దలు ఎక్కువ ఉంటే మంచిదనుకుంటారు. చేతులతో తోసుకునే బిడ్డకు అది భుజం రెక్క ఎముక కింది కొనను దాటకూడదు, దాటితే చేతులు వెనక్కి రావు. నడుము బలం బాగా ఉంటే పక్కటెముకల కింది అంచు దాకా చాలు. తోసుకోలేని, తల నిలవని బిడ్డకు భుజాల దాకా వీపు ఆసరా, పైన తలకు ఆసరా కావాలి.

మరి ఎదుగుదల సంగతి? అది కుర్చీలో దాగి ఉండాలి, ఖాళీగా కనిపించకూడదు. వీపు పలక వెనక్కి జరపగలిగేది, ఫుట్‌రెస్ట్ కడ్డీ మర విప్పి కిందికి దింపగలిగేది, తుంటి పక్క దిండ్లు పల్చనివి మార్చుకోగలిగేది చూడండి. పిల్లల తొడలు, పిక్కలు త్వరగా పొడుగవుతాయి, వెడల్పు నెమ్మదిగా పెరుగుతుంది. అందుకే లోతు, పొడవు మార్చుకునే వీలు ఉన్న కుర్చీకి ఎక్కువ విలువ ఇవ్వాలి.

ఇప్పటికే ఇంట్లో పెద్ద కుర్చీ ఉంటే పూర్తిగా పారేయనక్కర్లేదు. వీపు వెనక గట్టి ఫోము దిమ్మ, తుంటికి రెండు పక్కలా గట్టి దిండ్లు కదలకుండా బిగిస్తే కొత్తది వచ్చేదాకా కూర్చునే తీరు కొంత బాగుపడుతుంది. దుప్పట్లు, తువ్వాళ్లు కుక్కితే కాసేపటికే జారిపోతాయి. అయితే ఎంత నింపినా చక్రాలు దగ్గరకు రావు. తోసుకునే శక్తి ఉన్న బిడ్డను ఈ సర్దుబాటుతో ఏళ్ల తరబడి ఉంచడం అన్యాయం.

నాలుగో అడుగు: ఏ రకం కుర్చీ

సొంతంగా తోసుకోగల బిడ్డకు పెద్ద వెనక చక్రాలు, చేతి రిమ్ములు ఉన్నది. కొంచెమైనా తోసుకునే అవకాశం ఉంటే ఇదే ఇప్పించండి. ఇంట్లో పది అడుగులు తన ఇష్టప్రకారం వెళ్లగలగడం ఆ వయసులో చదువంత ముఖ్యం. కుర్చీలో కూర్చుని చేతులు కిందికి వేలాడేస్తే వేళ్ల కొనలు చక్రం ఇరుసు దగ్గరకు రావాలి. రిమ్ము పైభాగం పట్టుకున్నప్పుడు మోచేయి లంబ కోణం కన్నా కొంచెం ఎక్కువగా తెరుచుకోవాలి. ఇరుసును ముందుకు జరిపితే తోయడం తేలికవుతుంది, కానీ కుర్చీ వెనక్కి తిరగబడే అవకాశం పెరుగుతుంది. వెనక్కి పడకుండా ఆపే చిన్న చక్రాలు ఉంటే కొత్తలో తీయకండి.

కూర్చోవడానికి పూర్తి ఆసరా కావాల్సిన పిల్లలకు సి.పి. చెయిర్ (సెరిబ్రల్ పాల్సీ పిల్లల కుర్చీ) పేరుతో కాన్పూరులోని అలింకో సంస్థ తయారు చేసేది, బయట దొరికే ఇతర ఆసరా కుర్చీలు ఉన్నాయి. వీటిలో తేడా గమనించండి. వీపు ఒక్కటే వెనక్కి వాలేవి కొన్ని, సీటూ వీపూ కలిసి మొత్తంగా వెనక్కి ఒరిగేవి కొన్ని. బిగుతు ఉన్న బిడ్డకు రెండో రకం మేలు. వీపు ఒక్కటే వాలితే తుంటి చాచుకుని బిగుతు పెరుగుతుంది, మళ్లీ లేపేటప్పుడు చర్మం సీటు మీద రాసుకుంటుంది, బిడ్డ జారుతుంది.

పట్టీల్లో మొదటిది కటి పట్టీ. అది పొట్ట మీద ఉండకూడదు. తొడలూ నడుమూ కలిసే మడతలోంచి, సీటు వెనక మూల వైపు ఏటవాలుగా దిగాలి. పొట్ట మీద కట్టిన పట్టీ బిడ్డ జారినప్పుడు ఛాతీ మీదకు, మెడ మీదకు వస్తుంది. కటి పట్టీ లేకుండా ఛాతీ పట్టీ ఒక్కటే కట్టడం ప్రమాదం. కాళ్ల మధ్య పెట్టే దిమ్మ మోకాళ్లను వేరు చేయడానికే. జారకుండా ఆపడానికి దాన్ని వాడితే మర్మావయవాలకు ఒత్తిడి తగులుతుంది. జారడాన్ని ఆపాల్సింది సీటు లోతు, కటి పట్టీ, పాదాల స్థానం.

మూడు చక్రాల చేతి సైకిల్ పెద్దవాళ్ల దూరప్రయాణానికి పనికొస్తుంది. కూర్చోలేని బిడ్డకు చక్రాల కుర్చీ బదులు అది ఇస్తామంటే ఒప్పుకోకండి.

ఐదో అడుగు: సీటు, మెత్త

మడత కుర్చీ సీటు రెక్సిన్ గుడ్డే. కొన్ని నెలలకే ఉయ్యాలలా కుంగుతుంది, మోకాళ్లు లోపలికి ఒరుసుకుంటాయి, కటి పక్కకు దిగుతుంది. దీనికి ఖర్చు తక్కువ మందు ఊళ్లోనే ఉంది. వడ్రంగి చేత సీటు సైజుకు 9 నుంచి 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక కోయించి, అంచులు నున్నగా చేయించి, దాని మీద మెత్త పెట్టండి. పలక జారకుండా కింద పట్టీలు కుట్టించాలి. ముందు అంచు గుండ్రంగా ఉండాలి.

మెత్తను చేత్తో పరీక్షించండి. బిడ్డ మెత్త మీద కూర్చున్నాక, మీ వేళ్లను మెత్తకూ కూర్చునే ఎముకకూ మధ్య దూర్చండి. వేళ్ల కొనలు అర సెంటీమీటరైనా పైకీ కిందికీ ఆడితే ఫర్వాలేదు. వేళ్లు ఆడవు కానీ బయటకు లాగగలుగుతున్నారంటే జాగ్రత్త పడాలి. గట్టిగా నలిగి లాగడం కష్టమైతే ఆ మెత్త పనికిరాదు. ముఖ్యంగా స్పర్శ లేని బిడ్డకు. అలాంటి బిడ్డ నొప్పి చెప్పదు, పుండు ఎముక దాకా వెళ్లేదాకా మనకు తెలియదు.

మన వాతావరణంలో చెమట, వాన తడి, మూత్రం కూడా లెక్కలోకి వస్తాయి. పైకవరు రెండు జతలుండాలి, నూలు గుడ్డ లేదా గాలి ఆడే గుడ్డ అయితే మంచిది. తడిసిన ఫోమును ఎండలో నేరుగా పెట్టి గట్టిపడనివ్వకండి, నీడలో గాలికి ఆరబెట్టండి. నొక్కి వదిలితే తిరిగి లేవని ఫోము కాలం చెల్లినట్టే.

ఆరో అడుగు: చక్రాలు, దారి, ఇల్లు

ఆసుపత్రి వరండాల కోసం చేసిన కుర్చీకి ముందు చక్రాలు చిన్నవి, సన్నవి, గట్టివి. గుణుపురం పక్క పల్లెల ఎర్రమట్టి బాట మీద, వానాకాలంలో ఇవి కూరుకుపోతాయి. ముందు చక్రం కనీసం 15 సెంటీమీటర్ల వ్యాసం, వెడల్పైన రబ్బరు ఉన్నదై ఉండాలి. దారి బాగా కఠినమైతే ముందు ఒకే పెద్ద చక్రం, పొడవైన చట్రం ఉన్న మూడు చక్రాల చక్రాల కుర్చీ నయం. అది ఎగుడుదిగుళ్ల మీద నిలకడగా ఉంటుంది, కానీ ఇరుకు గదిలో తిరగదు. వెనక టైర్లు గాలి నింపేవైతే సైకిల్ దుకాణంలో ట్యూబు దొరికే సైజేనా అని కొనే ముందే ఆ దుకాణంలో చూపించి అడగండి. దొరకని సైజు టైరు ఒక్కటి చాలు, మంచి కుర్చీ మూలన పడటానికి.

కుర్చీ మొత్తం వెడల్పు సీటు వెడల్పు కన్నా 20 సెంటీమీటర్ల దాకా ఎక్కువ ఉంటుంది. వేళ్లు గుమ్మానికి రాసుకోకుండా ఇంకొంచెం చోటు కావాలి. ఇంట్లో అన్నిటికన్నా ఇరుకు గుమ్మాన్ని, మరుగుదొడ్డి తలుపును కొలిచి కాగితంలో చేర్చండి.

వాలు దారి కట్టేటప్పుడు ఒకటికి పన్నెండు లెక్క. అరుగు 30 సెంటీమీటర్ల ఎత్తుంటే వాలు 3.6 మీటర్లు, 45 ఉంటే 5.4 మీటర్లు. చాలా ఇళ్ల ముందు అంత చోటు ఉండదు, అప్పుడు గోడ వెంట మలుపు తిప్పి కట్టించండి. ఏటవాలు బాగా ఎక్కువైన చోట పెద్దవాళ్లు కుర్చీని వెనక్కి తిప్పి, తాము కింద వైపు ఉండి దింపాలి. మెట్ల మీద మోసేటప్పుడు ఊడి వచ్చే చేతి ఆసరాలను, ఫుట్‌రెస్టులను పట్టుకోకండి, చట్రాన్నే పట్టుకోవాలి.

గజపతి జిల్లా 2018 అక్టోబరులో తిత్లీ తుపాను దెబ్బ చూసింది. తుపాను హెచ్చరిక వచ్చాక మడిచి మోయగలిగేది ఉంటే బిడ్డతో పాటు కుర్చీ కూడా ఆశ్రయ కేంద్రానికి చేరుతుంది. బరువైన ఆసరా కుర్చీ ఉన్న ఇంట్లో దాని మెత్త, పట్టీలు, బిడ్డ కార్డు కాగితాలు ఒక ప్లాస్టిక్ సంచిలో ముందే సిద్ధం చేసుకోండి.

ఏడో అడుగు: కాగితాలు

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కింద 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉందన్న ధ్రువపత్రం చాలా పథకాలకు ఆధారం. వికలాంగుల గుర్తింపు కార్డైన యు.డి.ఐ.డి. దేశమంతటా చెల్లుతుంది. సరిహద్దు కుటుంబాలకు ఒక వెసులుబాటు తెలియాలి. ధ్రువపత్రం కోసం నివాసం ఉన్న జిల్లాలోనే కాదు, బిడ్డకు చికిత్స జరుగుతున్న ప్రభుత్వ ఆసుపత్రిలోనూ దరఖాస్తు చేసుకోవచ్చని నిబంధనలు చెబుతున్నాయి. పిల్లలకు తరచుగా తాత్కాలిక ధ్రువపత్రం ఇస్తారు, దాని గడువు తేదీ చూసుకోండి. గడువు దాటిన పత్రంతో శిబిరానికి వెళితే తిప్పి పంపుతారు.

ఉపకరణాలిచ్చే కేంద్ర పథకం ఆడిప్. ఒకసారి సాయం పొందినవారికి అదే అవసరానికి మూడేళ్ల దాకా మళ్లీ ఇవ్వరన్నది సాధారణ నియమం. కానీ 12 ఏళ్ల లోపు పిల్లలకు ఆ గడువు ఒక్క ఏడాదే. ఈ మాట చాలామంది తల్లిదండ్రులకు ఎవరూ చెప్పరు. మళ్లీ మూడేళ్ల దాకా రాదన్న భయంతోనే పెద్ద కుర్చీ పట్టుకొస్తారు. ఏడాదికి మార్చుకునే వీలుందని తెలిస్తే సరిపోయేదే అడగవచ్చు. ఆదాయ ధ్రువపత్రం కావాలి. బడిలో చదివే పిల్లలకు పాఠశాల విద్యా పథకం సమగ్ర శిక్ష కింద బ్లాకు స్థాయిలో వైకల్యాన్ని పరీక్షించే శిబిరాలు జరుగుతాయి, తేదీ ప్రధానోపాధ్యాయుణ్ణి అడగండి. ఒడిశా ప్రభుత్వం భీమ భోయి పేరుతో నడిపే శిబిరాల్లో ధ్రువపత్రాలు, ఉపకరణాలు ఇస్తారు. వివరాలు జిల్లా సామాజిక భద్రతా అధికారి కార్యాలయంలో దొరుకుతాయి.

పేరు విషయంలో మన కుటుంబాలకు ఒక చిక్కు ఉంది. తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందు, ఒడియా కాగితాల్లో వెనక రాస్తారు. ఆధార్‌లో ఒకలా, ధ్రువపత్రంలో ఇంకోలా ఉంటే దరఖాస్తు ఆగిపోతుంది. ముందే సరిచేయించుకోండి. ఫారాలు ఒడియాలో ఉంటాయి కాబట్టి రాయగలిగినవాళ్లను వెంట తీసుకెళ్లండి. కుర్చీ రకం, కొలతలు రాసే గడి ఖాళీగా వదలకుండా మీ ఎదుటే నింపించండి.

ఎనిమిదో అడుగు: కుర్చీ అందుకునే రోజు

బిడ్డను వెంట తీసుకెళ్లకుండా కుర్చీ తీసుకోకండి. సంతకం పెట్టే ముందు అరగంట కూర్చోబెట్టండి. పిరుదులు వీపు ఆసరాకు పూర్తిగా ఆనాయా? తుంటికీ పక్క పలకకూ మధ్య మీ చేతి వేళ్లు చదునుగా దూరితే చాలు, పిడికిలి దూరితే వదులు. మోకాలి వెనక రెండు మూడు వేళ్ల సందు ఉందా? పాదాలు మొత్తం ఆనుతున్నాయా? ముందు నుంచి చూస్తే భుజాలు సమంగా ఉన్నాయా? రెండు బ్రేకులూ వేసి తోసి చూడండి, కదలకూడదు. నాలుగు చక్రాలూ నేలకు ఆనాలి. ఎక్కడైనా మరలు పొడుచుకొచ్చాయా అని చేత్తో తడమండి. సరిపోకపోతే ఆ మాట కాగితం మీద రాయించి, సరిపోయే సైజు ఎప్పుడిస్తారో అడగండి. ఉచితంగా ఇస్తున్నారు కదా అన్న మొహమాటం ఇక్కడ వద్దు. అది బిడ్డ హక్కు.

ఇంటికి తెచ్చాక

మొదటి రోజు అరగంట, తర్వాత కొద్దికొద్దిగా పెంచండి. కుర్చీలోంచి దించిన ప్రతిసారీ పిరుదులు, తోక ఎముక, తుంటి పక్కలు, మడమలు, పట్టీ తగిలిన చోట్లు చూడండి. ఎరుపు అరగంటలో పోకపోతే ఆ రోజు మళ్లీ కూర్చోబెట్టకండి, థెరపిస్టుకు చూపించండి. నల్లని చర్మం మీద ఎరుపు కనిపించదు, వేడిగా, గట్టిగా, పక్క చర్మం కన్నా రంగు మారి ఉందేమో చేత్తో తాకి చూడాలి. స్పర్శ లేని పిల్లల బరువు ఒకే చోట పడకుండా 15 నుంచి 30 నిమిషాలకోసారి కూర్చునే తీరు మార్చాలి. ముందుకు వంచి, పక్కకు ఒరిగించి, లేదా కుర్చీనే వెనక్కి ఒరిగించి చేయవచ్చు.

అన్నం పెట్టేటప్పుడు బిడ్డ తల వెనక్కి వాలి ఉండకూడదు. గడ్డం కొంచెం కిందికి, వెన్ను నిటారుగా ఉండాలి. ముద్ద గొంతులో అడ్డం పడే ప్రమాదం ఇలా తగ్గుతుంది. తిన్నాక అరగంట పడుకోబెట్టకండి.

వారానికోసారి మరలు బిగించి, టైరు గాలి చూసి, ముందు చక్రాల ఇరుసులో చుట్టుకున్న వెంట్రుకలు, దారాలు తీసేయండి. వానలో తడిస్తే తుడిచి, కీళ్ల దగ్గర ఒక చుక్క నూనె వేయాలి.

ఆరు నెలలకోసారి అదే బల్ల మీద, అదే కాగితం మీద, పాత అంకెల పక్కన కొత్త అంకెలు రాయండి. మోకాలి వెనక సందు పెరిగి తొడలో ఎక్కువ భాగం సీటు దాటి వస్తున్నా, మోకాళ్లు తుంటి కన్నా పైకి లేస్తున్నా, తొడలు పక్క పలకలకు ఒరుసుకుంటున్నా ముందు ఫుట్‌రెస్టూ వీపు పలకా సర్దండి. తుంటికి ఆపరేషన్ జరిగినా, వెన్ను కొత్తగా వంగినట్టు కనిపించినా సర్దుబాటుతో సరిపెట్టుకోకుండా థెరపిస్టు దగ్గరకే వెళ్లాలి. సర్దే చోటు అయిపోయిందంటే కొత్త దరఖాస్తు ఆ నెలలోనే పెట్టండి. శిబిరం, పరీక్ష, తయారీ పూర్తయ్యేసరికి బిడ్డ ఇంకొంచెం పొడుగవుతుంది కాబట్టి, కుర్చీ చేతికి ఇచ్చే రోజు మళ్లీ కొలవమని దరఖాస్తులోనే రాయండి.